పెళ్లి పరాయి దేశంలో, పాస్‌పోర్టు మన దేశానిది: ఇంటిపేరు మార్పుపై మీ ప్రశ్నలు, మా జవాబులు

విదేశంలో పెళ్లి చేసుకుని భారత పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాలనుకుంటున్న పాఠకులు రాసిన ఉత్తరాల్లోంచి ఏరినవి ఇవి. ఒకే రకం సందేహాలను ఒకచోట కలిపాం. ఎక్కువ ఉత్తరాలు అమెరికా నుంచే వచ్చాయి కాబట్టి జవాబులూ అటే ఎక్కువ మొగ్గాయి.

ప్రశ్న: డాలస్‌లో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉంటున్నాను. వచ్చే నెల ఇక్కడి గుళ్లోనే పెళ్లి. తర్వాత ఆయన ఇంటిపేరు నా పాస్‌పోర్టులోకి రావాలి. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

పాస్‌పోర్టు దగ్గర కాదు, మీ కౌంటీ (అక్కడి జిల్లాలాంటిది) క్లర్క్ ఆఫీసు దగ్గర మొదలుపెట్టండి. గుళ్లో తాళి కట్టడంతో చట్టం దృష్టిలో పని పూర్తికాదు. ముందు మ్యారేజ్ లైసెన్సు, అంటే పెళ్లి చేసుకోవడానికి అనుమతి పత్రం, తీసుకోవాలి. టెక్సస్‌లో లైసెన్సు చేతికొచ్చాక మామూలుగా 72 గంటలు ఆగాలి, 90 రోజుల్లోపు పెళ్లి జరిగిపోవాలి. కాబట్టి శనివారం ముహూర్తానికి శుక్రవారం వెళ్లి లైసెన్సు తెచ్చుకుంటే కుదరదు.

పెళ్లయ్యాక పురోహితుడు ఆ లైసెన్సు మీద తేదీ, ఊరు రాసి సంతకం చేసి, 30 రోజుల్లోపు కౌంటీకి తిరిగి పంపాలి. కాలిఫోర్నియాలో అయితే ఈ గడువు 10 రోజులే. ఎక్కువమంది దెబ్బతినేది సరిగ్గా ఇక్కడ. పంతులుగారు వరసగా రెండు మూడు పెళ్లిళ్లు చేసి ఆ కాగితాన్ని సంచిలోనే మర్చిపోతారు. కౌంటీ రికార్డుల్లో మీ పెళ్లి నమోదు కాదు. నాలుగు నెలల తర్వాత సర్టిఫికెట్ కోసం వెళ్తే 'మా దగ్గర లేదు' అంటారు. అందుకని పీటల మీద నుంచి లేచేలోపే ఆ సంతకం చేయించి, పోస్టు చేసే బాధ్యత మీవాళ్లలో ఒకరికి అప్పగించండి. గుడివాళ్లు ఇచ్చే రంగురంగుల సర్టిఫికెట్ జ్ఞాపకంగా దాచుకోవడానికి బాగుంటుంది కానీ పాస్‌పోర్టుకు పనికిరాదు. కావలసింది కౌంటీ ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీ. ఒకేసారి మూడు నాలుగు తీసుకోండి, అన్నిచోట్లా అసలుదే అడుగుతారు.

అది చేతికొచ్చాక పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో విదేశాల్లో ఉన్నవారి విభాగంలోకి వెళ్లి 'రీ-ఇష్యూ' దరఖాస్తు నింపాలి. కారణం అడిగినచోట 'వ్యక్తిగత వివరాల్లో మార్పు' ఎంచుకుని, ఏమేం మారుతున్నాయో టిక్కు పెట్టాలి. మీకు రెండు మారుతున్నాయి: ఇంటిపేరు, భర్త పేరు. చాలామంది మొదటిదానికి టిక్కు పెట్టి రెండోది వదిలేస్తారు. 'మీరు ఎప్పుడైనా పేరు మార్చుకున్నారా?' అన్న ప్రశ్నకు అవునని చెప్పి, పాత పేరును పాత పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి.

ఆ ఫారం ప్రింటు తీసి, ఫొటోలు అతికించి, గడి గీతలు దాటకుండా సంతకం పెట్టాలి. తర్వాత కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ సంస్థ సైటులో విడిగా నమోదు చేసుకుని, ఫీజు కట్టి, కాగితాలు పంపాలి. టెక్సస్ వాళ్లు హ్యూస్టన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తారు. డ్రైవింగ్ లైసెన్సు మీద వేరే రాష్ట్రం అడ్రసు ఉంటే కట్ట వెనక్కి వస్తుంది. జతచేయాల్సినవి ఇవి: అసలు పాస్‌పోర్టు, దాని మొదటి చివరి పేజీల నకళ్లు, మ్యారేజ్ సర్టిఫికెట్, భార్యాభర్తలిద్దరూ సంతకం చేసిన ఉమ్మడి అఫిడవిట్, భర్త పాస్‌పోర్టు నకలు, వీసా లేదా ఐ-797 (వీసా హోదా మంజూరు పత్రం) నకలు, అడ్రసు రుజువు. అఫిడవిట్ మీద ఇద్దరూ నోటరీ ఎదుటే సంతకం పెట్టాలి. ఇంట్లో పెట్టేసి తీసుకెళ్తే నోటరీ ఒప్పుకోరు.

టెక్సస్ సర్టిఫికెట్లో మీ పెళ్లికి ముందు పేరే ఉంటుంది. కంగారు పడకండి. 'ఫలానా పేరు గల నేను ఇకమీదట ఫలానా పేరుతో పిలవబడతాను' అన్న మాట అఫిడవిట్‌లో ఉంటుంది. కొత్త పేరును మొదట కాగితం మీద పెట్టేది అదే కాబట్టి అందులో స్పెల్లింగు తప్పితే మిగతావన్నీ తప్పుతాయి.

ప్రశ్న: మేము ఉండేది కాలిఫోర్నియాలో. టెక్సస్‌లో ఉన్న స్నేహితురాలు చెప్పిన పద్ధతే మాకూనా?

పాస్‌పోర్టు దరఖాస్తు వరకూ అంతే. ముఖ్యమైన తేడా లైసెన్సు దగ్గర ఉంది. 2009 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో పెళ్లి తర్వాతి పేరేమిటో లైసెన్సు దరఖాస్తులోనే రాయాలి. దానికి ప్రత్యేకంగా గడులుంటాయి. ఖాళీగా వదిలితే పాత పేరే కొనసాగుతున్నట్టు లెక్క. పెళ్లయ్యాక మనసు మార్చుకుని ఆ గడిని నింపించుకోవడం కుదరదు. కాబట్టి కౌంటర్ ముందు నిలబడ్డాక ఆలోచించే విషయం కాదిది. ముందురోజు ఇద్దరూ కూర్చుని, కొత్త పేరును ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఓ కాగితం మీద రాసుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న: అసలు పేరు మార్చుకోకపోతే ఏమవుతుంది? మార్చకపోతే హెచ్-4 వీసా (హెచ్-1బీ ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చేది) రాదని అత్తగారివాళ్లు అంటున్నారు.

ఏమీ కాదు. పెళ్లయితే పేరు మార్చుకుని తీరాలని మన పాస్‌పోర్టు నిబంధనల్లో ఎక్కడా లేదు. హెచ్-4కు చూసేది పెళ్లి సర్టిఫికెట్‌ను. మీ పాస్‌పోర్టులో ఇంటిపేరు మారిందా, భర్త పేరు ఎక్కిందా అన్నది దానికి షరతు కాదు. పుట్టింటి పేరు అలాగే ఉంచుకుని, చివరి పేజీలో భర్త పేరు మాత్రం చేర్పించుకోవచ్చు. దానికీ కొత్త పుస్తకమే ఇస్తారు, పాతదానిమీద రాసివ్వరు. ఆ ఒక్క మార్పు కోసం ఇప్పుడే వెళ్లకుండా గడువు ఏడాదిలోపుకి వచ్చేదాకా ఆగి, రెన్యువల్‌తో కలిపి చేయించుకుంటే ఒక ఫీజుతో రెండు పనులవుతాయి.

భర్త సంతకం లేనిదే భార్య పాస్‌పోర్టు దరఖాస్తు చెల్లదన్న అపోహ కూడా ఉంది. దరఖాస్తుకు భర్త అనుమతి అక్కర్లేదని 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు స్పష్టంగా చెప్పింది. ఉమ్మడి అఫిడవిట్ సంగతి వేరు. మీరు ఆయన ఇంటిపేరు తీసుకుంటున్నారు కాబట్టి అందులో ఆయన సంతకం ఉంటుంది.

డిగ్రీలు, ఉద్యోగం, పేటెంట్లు, పరిశోధన వ్యాసాలు పుట్టింటి పేరుతో ఉన్నవారు మార్చకపోవడమే మేలని మా అభిప్రాయం. ఒకసారి మార్చాక, తెలుగు రాష్ట్రాల్లోని యూనివర్సిటీ సర్టిఫికెట్లు పాత పేరుతోనే ఉండిపోతాయి కాబట్టి, రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రతిచోటా చూపించుకుంటూ ఉండాలి.

ప్రశ్న: మాకు కౌంటీ కోర్టులో డిసెంబరులో పెళ్లి రిజిస్టరైంది. వేసవిలో విజయవాడలో పెద్దలు శాస్త్రోక్తంగా చేశారు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర కూడా రిజిస్టర్ చేయించమంటున్నారు. పాస్‌పోర్టుకు ఏది పెట్టాలి?

డిసెంబరుది పెట్టండి. రెండోది తీసుకోకండి. చట్టం లెక్కలో మీ పెళ్లి మొదటి రోజే అయిపోయింది. విజయవాడలో జరిగింది వేడుక. వేడుక తేదీతో ఇంకో సర్టిఫికెట్ తీసుకుంటే మీ ఇద్దరి పేరు మీద రెండు పెళ్లి తేదీలు తయారవుతాయి. వాటిలో ఒకటి పాస్‌పోర్టు ఫైలులో, ఇంకొకటి గ్రీన్‌కార్డు ఫైలులో కూర్చుంటే, ఏళ్ల తర్వాత ఎవరో అధికారి రెండూ పక్కపక్కన పెట్టి ఏది నిజమని అడుగుతారు. శుభలేఖ మీది తేదీని అలవాటుగా ఫారాల్లో రాసేవాళ్లూ ఉన్నారు. పెళ్లి తేదీ అడిగిన ప్రతిచోటా, బీమా ఫారంతో సహా, డిసెంబరు తేదీయే రాయండి.

అమెరికా సర్టిఫికెట్‌ను ఇండియాలో బ్యాంకుకో కోర్టుకో చూపించాలంటే అపోస్టిల్ (కాగితం అసలుదేనని వేరే దేశంలో చెల్లేలా ధ్రువీకరించే ముద్ర) వేయించండి. దానికి ఆధారమైన హేగ్ ఒప్పందం మన దేశంలో 2005 నుంచి అమల్లో ఉంది. కౌంటీ కాగితానికి అపోస్టిల్ వేసేది ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం, వాషింగ్టన్ కాదు. టెక్సస్ కాగితానికి ఆస్టిన్, కాలిఫోర్నియా కాగితానికి శాక్రమెంటో.

ప్రశ్న: నా పేరు పెద్దది, ఐదు ముక్కలుంటుంది. ఆయన ఇంటిపేరు చేరిస్తే పాస్‌పోర్టులో పడుతుందా?

మంచి ప్రశ్న అడిగారు. తెలుగువాళ్లందరూ దరఖాస్తుకు ముందే లెక్క చూసుకోవలసిన విషయమిది. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున మెషీన్ చదివే రెండు వరుసలుంటాయి. ఒక్కో వరుసలో 44 స్థానాలు. పై వరుసలో మొదటి ఐదు దేశానికీ పత్రం రకానికీ పోతాయి. పేరుకు మిగిలేవి 39. ముందు ఇంటిపేరు, తర్వాత రెండు << గుర్తులు, ఆ తర్వాత పేరు. పేరులో ముక్కకూ ముక్కకూ మధ్య ఇంకో గుర్తు.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. పుట్టింటి పేరు ఆళ్ల, ఇంగ్లీషులో 4 అక్షరాలు. పేరు వెంకట నాగ సాయి లక్ష్మి ప్రసన్న. 7, 4, 3, 7, 8 కలిపితే 29 అక్షరాలు, మధ్యలో నాలుగు గుర్తులతో 33. నాలుగు, రెండు, ముప్ఫైమూడు కలిపితే సరిగ్గా 39, ఒక్క స్థానం మిగలకుండా పట్టింది. ఇప్పుడు అత్తింటి పేరు వడ్లమూడి. ఇంగ్లీషులో 9 అక్షరాలు. మొత్తం 44 అయింది. ఐదు ఎక్కువ. చివరినుంచి కోస్తే 'ప్రసన్న'లో తొలి మూడు అక్షరాలే మిగులుతాయి. ఆవిడను ఇంట్లో అందరూ పిలిచేది ప్రసన్న అనే! ఎయిర్‌లైన్ కౌంటర్‌లో మెషీన్ చదివేది ఈ వరుసనే కాబట్టి టికెట్టులో పేరు ఒకలా, మెషీన్‌లో ఇంకోలా కనబడుతుంది.

ఇలాంటప్పుడు ఇంటిపేరు మార్చకపోవడం ఒక దారి. పేరులోంచి ఒక ముక్క తీసేద్దామని మాత్రం అనుకోకండి. ఇంటిపేరు మారడం పెళ్లివల్ల వచ్చిన మార్పు. సొంత పేరులో ముక్క తీసేయడం దానికి సంబంధం లేని మార్పు. దానికి మ్యారేజ్ సర్టిఫికెట్ సరిపోదు, విడిగా అఫిడవిట్, రెండు దినపత్రికల్లో ప్రకటనలు కావాలి. ఒకటి సొంతూరి ప్రాంతంలో వచ్చే పత్రిక, ఇంకొకటి ఇప్పుడుంటున్నచోట వచ్చే పత్రిక.

ప్రశ్న: ఆయన పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు బదులు ఆయన పేరే ఉంది. నా సర్‌నేమ్ ఏం రాయాలి?

ఇదీ మనవాళ్లలోనే ఎక్కువ. మన అలవాటు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారం నింపిన ఏజెంటు 'చివర ఉన్నది లాస్ట్ నేమ్' అనుకుని తారుమారు చేస్తాడు. ఆయన సర్‌నేమ్ గడిలో రవికుమార్ అని ఉంటే, మీరు 'భర్త సర్‌నేమ్' తీసుకున్నప్పుడు మీరూ రవికుమార్ అయిపోతారు. రేపు పిల్లలూ అంతే. తప్పు ఆయన దగ్గర ఉన్నప్పుడు ముందు ఆయనది సరిచేయించుకుని, కొత్త పాస్‌పోర్టు వచ్చాక మీది పెట్టండి. రెండూ ఒకేసారి పెడితే మీ దరఖాస్తుకు జతచేసిన ఆయన నకలు పాతదవుతుంది.

మీ పాస్‌పోర్టులోనే సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, ఇదే దరఖాస్తులో నింపించుకోండి. ఖాళీ గడి ఉన్నవారికి అమెరికా వీసాలో మొత్తం పేరు సర్‌నేమ్ చోట పడి, పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (పేరు తెలియదు) అని అచ్చవుతుంది. ఒంటి పేరుతో ఉన్న పాస్‌పోర్టు మీద సందర్శకులుగా రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది.

ప్రశ్న: పాత పేరుతో ఉన్న అమెరికా వీసా స్టాంపు ఇంకా రెండేళ్లుంది. పాస్‌పోర్టు మారితే అది పోతుందా?

పోదు. పాత పాస్‌పోర్టును రద్దు ముద్ర వేసి మీకే తిరిగిస్తారు. అందులో వీసా పేజీ చిరగకుండా, పాడవకుండా ఉన్నంతవరకు గడువుదాకా చెల్లుతుంది. రెండు పుస్తకాలూ, మ్యారేజ్ సర్టిఫికెట్ సర్టిఫైడ్ కాపీ చేతి సంచిలో పెట్టుకోండి, చెకిన్ లగేజీలో కాదు. అయితే పేరు మారినవాళ్లు కొత్త వీసా తీసుకుంటే రాకపోకలు సులువవుతాయని అమెరికా విదేశాంగ శాఖ సిఫార్సు చేస్తుంది. తర్వాతి స్టాంపింగులో కొత్త పేరు వేయించుకోండి.

టికెట్టు ఎప్పుడూ కొత్త పాస్‌పోర్టు పేరుతోనే కొనండి. దరఖాస్తు పెట్టేముందు పాత పేరుతో కొన్న టికెట్లేమైనా ఉన్నాయా చూసుకోండి. పేరు మార్చమంటే కొన్ని ఎయిర్‌లైన్స్ మళ్లీ కొనుక్కోమంటాయి.

ప్రశ్న: సెలవులకు హైదరాబాద్ వెళ్తున్నాం. అక్కడ ఫీజు తక్కువ కదా, అక్కడే మార్పించుకోవచ్చా?

36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు, నిజమే. కానీ పేరు మారుతోంది కాబట్టి పోలీసు విచారణ రావచ్చు, మూడు వారాల సెలవులో అది తేలకపోవచ్చు. పాస్‌పోర్టు చేతిలో లేకుండా తిరుగు ప్రయాణం ఉండదు. అదే ట్రిప్పులో వీసా స్టాంపింగ్ కూడా పెట్టుకుని ఉంటే అసలు ముట్టుకోవద్దు. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో పాత పాస్‌పోర్టు నంబరు, పాత పేరు ఉంటాయి. కొత్త పుస్తకం రాగానే అది పనికిరాకుండా పోతుంది, మళ్లీ నింపాలి.

ప్రశ్న: పాస్‌పోర్టు వచ్చింది. ఇక మిగతావి ఏ వరసలో?

పాస్‌పోర్టు, తర్వాత సోషల్ సెక్యూరిటీ కార్డు, తర్వాత డ్రైవింగ్ లైసెన్సు, ఆ తర్వాత బ్యాంకు. సోషల్ సెక్యూరిటీలో ఎస్‌ఎస్-5 ఫారం ఇవ్వాలి. నంబరు మారదు, ఫీజు లేదు. ఆఫీసులో హెచ్‌ఆర్ వాళ్లకు చెప్తే ఉద్యోగ అర్హత ఫారం ఐ-9లో మార్పు నమోదు చేస్తారు. జీతం కాగితం మీద పేరు మాత్రం సోషల్ సెక్యూరిటీలో మారాకే మార్పించండి, లేకపోతే ఏటా ఇచ్చే జీతం, పన్నుల పత్రం డబ్ల్యూ-2లో పేరు ఒకటి, వాళ్ల రికార్డులో పేరు ఇంకొకటి అవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారు కార్డు మార్పు కోసం ఐ-90 ఫారం పెట్టాలి. గ్రీన్‌కార్డుకు ఇంకా దరఖాస్తు పెట్టనివారు ముందుముందు నింపే ఇమిగ్రేషన్ ఫారాల్లో 'ఇతర పేర్లు' అన్నచోట పుట్టింటి పేరు రాయడం ఎన్నటికీ మానకూడదు. ఇండియాలో ముందు పాన్, తర్వాత బ్యాంకు ఖాతాలు.

కడుపుతో ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు ఎలా పడుతుందో పాస్‌పోర్టులోనూ అలాగే ఉండాలి. అమెరికాలో పుట్టిన బిడ్డకు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చేది) కోసం పెట్టినప్పుడు ఈ రెండూ కలవక ఆగిపోయే ఫైళ్లు చాలా ఉంటాయి. ప్రసవం దగ్గరపడితే పేరు మార్పు తర్వాతకు వాయిదా వేసుకోండి.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో పెళ్లి చేయించినాయన ఆరోజే సర్టిఫికెట్ ఇచ్చారు. కాన్సులేట్‌లో అది చెల్లదన్నారు.

ఆయన ఇచ్చింది వేడుక సర్టిఫికెట్. మీకు కావలసింది విక్టోరియా రాష్ట్ర జనన, మరణ, వివాహ రిజిస్ట్రీ ఇచ్చేది. ఆయన కాగితాలు అక్కడికి చేరి నమోదయ్యాక ఫీజు కట్టి తెప్పించుకోండి. దానిమీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. మిగతా ఆస్ట్రేలియా రాష్ట్రాల్లోనూ ఇంతే.

ప్రశ్న: నా భర్త అమెరికన్. పెళ్లి ఇక్కడి భారత కాన్సులేట్‌లోనే చేసుకోవచ్చా? ఆయనకు ఓసీఐ ఎప్పుడొస్తుంది?

ఇద్దరిలో ఒకరు భారత పౌరులైతే చాలు, 1969 నాటి విదేశీ వివాహ చట్టం కింద మన కాన్సులేట్‌లో వివాహ అధికారి ఎదుట చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు అంతకుముందు కనీసం 30 రోజులు ఆ పరిధిలో ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి, ఆరు నెలల్లోపు పెళ్లి కాకపోతే కొత్త నోటీసు ఇవ్వాలి. కౌంటీలో ఇప్పటికే పెళ్లయినవాళ్లు అదే చట్టంలోని 17వ సెక్షన్ కింద దాన్ని నమోదు చేయించుకోవచ్చు. భర్తగా ఆయనకు ఓసీఐ రావాలంటే పెళ్లి రిజిస్టరై, దరఖాస్తు నాటికి రెండేళ్లు కొనసాగి ఉండాలి. అప్పుడు మీ పాస్‌పోర్టులో భర్త పేరు ఉంటే ఆ ఫైలు సాఫీగా నడుస్తుంది, కాబట్టి మీ ఇంటిపేరు మార్చుకోకపోయినా ఆ ఒక్క వివరం ఎక్కించుకోండి.

ప్రశ్న: విడాకులయ్యాయి. పుట్టింటి పేరుకు తిరిగి రావాలంటే?

విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ, పేరు మార్పు అఫిడవిట్ పెట్టి మళ్లీ రీ-ఇష్యూకే వెళ్లాలి. అమెరికా కోర్టులో విడాకులు తీసుకునేవాళ్లు, పూర్వపు పేరు పునరుద్ధరించమని డిక్రీలోనే రాయించమని లాయరుకు ముందే చెప్పండి. ఆ ఒక్క వాక్యం ఉంటే తర్వాత అన్నిచోట్లా అదే కాగితం పనిచేస్తుంది. దరఖాస్తులో 'పాత పేర్లు' అన్నచోట ఈసారి రెండూ రాయాలి, పెళ్లికి ముందుదీ, పెళ్లయ్యాక వాడినదీ.